రెండు దగ్గర గీసిన గీత

మొన్న మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడి, పక్కనున్న పుస్తకాల షాపులో ఒక గైడు తిరగేశాను. డిప్లొమా వాళ్ళ లెక్కల గైడు. ఒక పేజీలో పెట్టె గీసి, లోపల లావు అక్షరాలతో వేశారు: "హారాన్ని సున్నాకి సమానం చేయండి. వచ్చిన ప్రతి విలువ దగ్గరా నిలువు గీత గీయండి. పూర్తి మార్కులు మీవే." నాకు ఒళ్ళు మండిపోయింది. షాపతన్ని పిలిచి ఇది తప్పని చెప్పాను. "నానేటి రాసీనానా మేడమ్, అమ్మడమే గదా నా పని" అన్నాడు. నిజమే, అతన్ని అని లాభం లేదు. బస్సు వదిలేసుకుని ఇంకో పావుగంట అక్కడే నిలబడ్డాను. ఆ పావుగంటలో ఆ గైడు ముగ్గురు కొనుక్కెళ్ళారు.

నేను ఈ ఊళ్ళో ఒక పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్ళ పైన లెక్కలు చెప్పాను. కాలేజీ పేరు చెప్పను. ఎప్పుడు చేరానో, ఎప్పుడు పర్మినెంట్ అయ్యానో ఎవరికీ అక్కర్లేదు. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకి నేను చెప్పదల్చుకున్నది ఒక గీత గురించి. ఆ గీత వల్ల ఒక మనిషికి ఏడాది పోయింది. పోగొట్టినవాళ్ళలో మొదటిదాన్ని నేనే.

సాయంత్రం క్లాసు

తొంభైల్లో మా కాలేజీలో ఉద్యోగస్తుల కోసం సాయంత్రం డిప్లొమా నడిచేది. ఆరింటికి మొదలు. పోర్టు నుంచి, షిప్‌యార్డు నుంచి, స్టీల్‌ప్లాంటు నుంచి యాభై మంది దాకా వచ్చేవాళ్ళు. అందరూ మగవాళ్ళే, సగం మంది నాకంటే పెద్దవాళ్ళు. పోర్టు వాళ్ళ చొక్కా కాలర్ల మీద ఇనప ఖనిజం ఎర్రధూళి అలాగే ఉండేది. కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి, చిన్నపిల్లల బెంచీల్లో మోకాళ్ళు ఇరికించుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళలో ఎవరూ ఊరికే రాలేదు. పగలంతా ఒళ్ళు హూనమయ్యాక ఎవడొచ్చి లెక్కలు చేస్తాడు, అవసరం మెడ మీద కూర్చుంటే తప్ప.

వాళ్ళవి షిఫ్టు డ్యూటీలు. మూడు వారాల్లో ఒక వారం మధ్యాహ్నం షిఫ్టు పడేది, ఆ వారం క్లాసుకి రాలేరు. అంచేత ఎప్పుడు చూసినా క్లాసులో మూడోవంతు మంది ఉండరు. దీనికి మా అధికారులెవరూ దారి చూపించలేదు. వాళ్ళే చూసుకున్నారు. ప్లాంటులో షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడి కోసం లాగ్‌బుక్ రాసిపెడతాడు కదా, అలాంటి పుస్తకం ఒకటి క్లాసుకీ పెట్టుకున్నారు. ఆ రోజు పాఠం అందులో ఎక్కించి కింద సంతకం పెట్టేవాళ్ళు. రాని వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు అది చూసి రాసుకునేవాళ్ళు. ఆ పుస్తకం రమణమూర్తి దగ్గరుండేది. అతనిది గోదావరి జిల్లా, స్టీల్‌ప్లాంటు రోలింగ్ మిల్లులో పని. మా నాన్నా అదే ప్లాంటు ఉద్యోగం కోసం గోదావరి దాటి వచ్చినవాడే కాబట్టి, అతని మాట వింటే నాకు ఇంట్లో ఉన్నట్టుండేది.

లాగ్‌బుక్‌కి ఒక నియమం ఉంది. ముందు షిఫ్టు వాడు రాసింది తర్వాతి షిఫ్టు వాడు కొట్టెయ్యకూడదు. అది ప్లాంటులో ప్రాణాలు కాపాడే నియమం. మా క్లాసులో అదే మెడకి చుట్టుకుంది.

ప్రతిసారీ

పైన ఒక బహుపది, కింద ఒక బహుపది పెట్టి భాగిస్తే వచ్చే ప్రమేయం గురించి పాఠం. కింద ఉన్నది, అంటే హారం, సున్నాకి దగ్గరవుతుంటే మొత్తం విలువ ఎంతకైనా పెరిగిపోవచ్చు. ఒకటిని పదోవంతుతో భాగిస్తే పది, నూరోవంతుతో భాగిస్తే వంద, వెయ్యోవంతుతో భాగిస్తే వెయ్యి. గ్రాఫు ఒక నిలువు గీత పక్కన పైకో కిందకో పోతూనే ఉంటుంది, గీతని మాత్రం తాకదు. ఆ గీతని పుస్తకంలో నిలువు అనంత స్పర్శరేఖ అంటారు. మా క్లాసులో అందరం నిలువు గీత అనేవాళ్ళం.

ఆ రోజు కరెంటు పోయి వచ్చి, పోయి వచ్చి, అరగంట తినేసింది. సిలబస్ వెనకబడిందని మా డిపార్ట్‌మెంటు హెడ్డుగారు పొద్దున్నే కేకలేశారు. నేను తొందరలో బోర్డు మీద ఒక్క వాక్యం రాసి ముగించాను: హారం సున్నా అయితే నిలువు గీత. వెనక బెంచీలోంచి ఎవరో "ప్రతిసారీనా మేడమ్?" అని అడిగారు. "ప్రతిసారీ" అన్నాను.

నాకు తెలియక కాదు. హారం సున్నా అయిన చోటే పైనున్నది, అంటే లవం, కూడా సున్నా అయితే ఏమవుతుందో ఎమ్మెస్సీ చదివినదాన్ని నాకు తెలియదా? తెలిసీ, బస్సు అందుకోవాలని ఆ మాట అనేశాను. రమణమూర్తి దాన్ని గుండ్రటి అక్షరాలతో లాగ్‌బుక్‌లో ఎక్కించాడు. 'ప్రతిసారీ' కింద రెండు గీతలు కూడా గీశాడు.

అప్పలరాజు

అప్పలరాజు పోర్టులో క్రేను నడిపేవాడు. జాలరిపేట మనిషి, తండ్రీ అన్నదమ్ములూ అప్పటికీ సముద్రం మీదే. నలభై రెండేళ్ళు. లెక్కల్లో చురుకైనవాడు కాదు, అతనికి ఒకటికి మూడుసార్లు చెప్పాలి. కానీ తనకి అర్థమయ్యేదాకా తలూపేవాడు కాదు. ఆ గుణం చూసి నాకు చిరాకేసేది. ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ ఏడాది పోర్టు వైద్య పరీక్షలో అతని చూపు తగ్గిందని తేలింది. ఇంక కొన్ని నెలలకి మించి క్రేను కేబిన్ ఎక్కనివ్వరు. చేతిలో డిప్లొమా ఉంటే వర్క్‌షాపులో క్రేన్ల మరమ్మతు చూసే పని ఇస్తారు. లేకపోతే యార్డులో ఖలాసీ పని, అంటే ఎండలో ఇనప తాళ్ళు లాగడం, కొక్కేలు తగిలించడం. ఇరవై ఏళ్ళు పైన కూర్చుని నడిపినవాడు కింద నిలబడి తాళ్ళు లాగాలి. అందుకే చదువుకి వచ్చాడు. క్లాసులో అందరికీ ఈ సంగతి తెలుసు.

ఫైనల్ పరీక్షకి కూర్చోవాలంటే ముందు కాలేజీలో పెట్టే టెస్టులో నలభైకి పదిహేను రావాలి. రాకపోతే ఏడాది ఆగాల్సిందే. ప్రశ్నపత్రమూ, సరైన జవాబులుండే కీ కాగితమూ హెడ్డుగారే ఇచ్చేవారు. దిద్దడం నా పని. అందులో ఐదు మార్కుల ప్రశ్న ఇది: x² − 5x + 6 ని x² − 4 తో భాగిస్తే వచ్చే ప్రమేయానికి నిలువు గీతలు ఎక్కడెక్కడ?

కీ ప్రకారం రెండు గీతలు. ఒకటి 2 దగ్గర, ఒకటి −2 దగ్గర. నలభై ఆరు మంది రెండు గీతలూ గీశారు. అప్పలరాజు ఒక్కడూ −2 దగ్గర గీత గీసి, 2 దగ్గర గ్రాఫు మీద చిన్న సున్నా చుట్టి వదిలేశాడు. నేను కీ చూశాను, అతని పేపరు చూశాను, ఎర్రపెన్నుతో అడ్డంగా కొట్టేశాను. చదవలేదు. మొత్తం మీద అతనికి పదకొండు వచ్చాయి.

మార్కుల జాబితా ఆఫీసుకి వెళ్ళాక అతను పేపరు పట్టుకుని స్టాఫ్‌రూముకి వచ్చాడు.

"నాది తప్పెక్కడో ఒకసారి సెప్తారా మేడమ్?"

"మొదటి రోజే చెప్పాను కదయ్యా. హారం సున్నా అయితే గీత. మీ లాగ్‌బుక్‌లో కూడా ఉంది."

"ఉంది మేడమ్. అందుకే ఎల్లి సూసేను. రెండు అనే అంకె కాడ గోడ నేదు."

"ఎక్కడికెళ్ళి చూశావ్?"

జేబులోంచి కాలిక్యులేటర్ తీశాడు. ముక్కుకి దగ్గరగా పట్టుకుని ఒక్కో మీట నొక్కుతూ చెప్పాడు. "లోడు దించినప్పుడు ఆకరి అడుగు ఒక్కపాలి దించం మేడమ్. అంగుళం, అర అంగుళం దించుతూ సూత్తాం. ఇదీ అలాగే సేసేను. మైనస్ రెండు కాడికి ఎల్తన్నాను, సూడండి. మైనస్ ఒకటి పాయింట్ తొమ్మిది ఏత్తే మైనస్ నలబై తొమ్మిది. ఇంకాస్త దగ్గిరికెల్తే నాలుగొందల తొంబై తొమ్మిది. ఇంకాస్త ఎల్తే ఐదేలకి ఒకటి తక్కువ. ఇక్కడ గోడుంది, ఒప్పుకుంటాను. ఇప్పుడు రెండు కాడికి ఎల్దాం. ఒకటి పాయింట్ తొమ్మిది ఏత్తే మైనస్ జీరో పాయింట్ టూ ఎయిట్. ఇంకో తొమ్మిది కలిపితే టూ ఫైవ్ త్రీ. ఇంకోటి కలిపితే టూ ఫైవ్ జీరో. ఏటి మేడమ్, నాను ఎంత దగ్గిరికెల్తన్నా ఇది కదల్దేటి? పావుకాడే కూకుంది."

నేను పేపరు తీసుకుని మొదటి నుంచి చూశాను. 2 దగ్గర హారం సున్నా, నిజమే. లవం కూడా సున్నా. పైనా కిందా x − 2 అనే ఒకే ముక్క ఉంది. దాన్ని కొట్టేస్తే మిగిలేది x − 3 బై x + 2. గ్రాఫు 2 దగ్గర ఎక్కడికీ పారిపోదు. మైనస్ పావు దగ్గర ఒక్క చుక్క మాత్రం ఖాళీగా ఉంటుంది, అంతే. ఆ ఖాళీకి గుర్తుగా చిన్న సున్నా చుట్టాలి. అతను చుట్టాడు. ఎవరూ చెప్పకుండా, కాలిక్యులేటర్ మీట నొక్కుకుంటూ వెళ్ళి కనుక్కున్నాడు.

నలభై ఆరు తప్పు జవాబులకి ఐదేసి మార్కులు వేసి, ఉన్న ఒక్క ఒప్పుకీ సున్నా పెట్టాను. తలకాయ తీసి మొలేసినట్టయింది.

హెడ్డుగారు

మా హెడ్డు సుబ్బారావుగారు చదువురానివారు కాదు. నేను పేపరు ముందు పెట్టగానే ఆయనకి అర్థమైంది, ముఖంలోనే తెలిసింది. ఆ మాట మాత్రం నోటితో ఒప్పుకోలేదు.

"లిస్టు వెళ్ళిపోయిందమ్మా."

"వెనక్కి తెప్పించండి సార్. కీ తప్పు."

"కీ తప్పంటే ఏమవుతుందో ఆలోచించావా? వీడికి ఐదు కలుస్తాయి. మిగిలిన నలభై ఆరు మందికీ ఐదేసి తగ్గుతాయి. అందులో ఎంతమంది పదిహేను కిందకి పోతారు?"

లెక్కేశాను. తొమ్మిది మంది.

"ఒక్కడి కోసం తొమ్మిది మందిని ముంచుతావా?"

"వాళ్ళకి తగ్గించొద్దు సార్. వాళ్ళ తప్పు నాది, నేనే అలా చెప్పాను. అతనికి కలపండి చాలు."

"ఒకే ప్రశ్నకి రెండు జవాబులూ కరెక్టా? నవ్విపోతారు. వదిలెయ్. వచ్చే ఏడు రాసుకుంటాడు."

వచ్చే ఏడు! ఆ మాట ఎంత తేలిగ్గా అన్నారో ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కుర్చీలో కూర్చున్నవాడికి వచ్చే ఏడు అంటే క్యాలెండర్ మారడం. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాను. "మీ డిపార్ట్‌మెంటు సంగతి మీలో మీరు తేల్చుకోండి" అని చేతులు దులుపుకున్నారు.

మర్నాడు క్లాసులో ఉన్నదున్నట్టు చెప్పాను. నేను తప్పు చెప్పానని, కీ తప్పని, అప్పలరాజుదే ఒప్పని. రమణమూర్తి లేచి లాగ్‌బుక్ తెరిచి నా ముందు పెట్టాడు. "మా కాడ ఎంట్రీ తప్పయితే చెరపకూడదండి. ఒక్క గీత కొట్టి, పక్కన సరైంది రాసి, రాసినోళ్ళు సంతకం పెట్టాలండి. మీరు పెట్టండి." 'ప్రతిసారీ' అన్న మాట మీద గీత కొట్టి, "లవం కూడా సున్నా అయితే దగ్గరికెళ్ళి చూడాలి" అని రాసి సంతకం చేశాను.

ఆ తర్వాత వాళ్ళు చేసింది నేను అడగలేదు, ఊహించనూ లేదు. తెల్లకాగితం మీద ప్రిన్సిపాల్‌కి అర్జీ రాశారు. మా జవాబు తప్పు, మా ఐదు మార్కులు తీసెయ్యండి, అప్పలరాజుకి వెయ్యండి, అని. నలభై నాలుగు సంతకాలు. పదిహేను కిందకి పోయే తొమ్మిది మందిలో ఏడుగురు పెట్టారు. మిగిలిన ఇద్దరూ పెట్టలేదు. వాళ్ళని ఒక్క మాట అనను, వాళ్ళకీ ఇళ్ళున్నాయి.

అర్జీకి జవాబు వారంలో వచ్చింది. మార్కులు తగ్గించమని విద్యార్థులు అర్జీ పెట్టుకునే పద్ధతి నిబంధనల్లో లేదట. ఆ కాగితం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పద్ధతి లేదు కాబట్టి నిజం కూడా లేదు. ఇలాంటి కాగితాలు మీ ఉద్యోగంలో మీకూ వస్తాయి. కింద ఉన్న సంతకం ఎవరిదో చూసి గుర్తుపెట్టుకోండి.

నేనింకా పైకి వెళ్ళొచ్చు. పత్రికల వాళ్ళకి చెప్పొచ్చు. చెప్పలేదు. ఉద్యోగానికి భయపడ్డాను. ఇది రాయకుండా హెడ్డుగారినీ, ప్రిన్సిపాల్‌నీ తిట్టడం న్యాయం కాదు.

మళ్ళీ అదే ప్రశ్న

అప్పలరాజుని క్రేను దింపేశారు. యార్డులో ఖలాసీగా వేశారు. ఆ ఎండాకాలం ఒకసారి పోర్టు గేటు దగ్గర కనిపించాడు. కుడిచేతికి కట్టు. ఇనప తాడు జారి అరచెయ్యి చీరేసిందట, రెండు వేళ్ళు సరిగ్గా ముడుచుకోవడం లేదు.

"ఎలా ఉందయ్యా?"

"బాగానే ఉంది మేడమ్. కింద నుంచి క్రేను సూడ్డం కొత్తగా ఉంది" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

తర్వాతి బ్యాచ్‌తో కలిసి మళ్ళీ క్లాసుకి వచ్చాడు. ఆ బ్యాచ్‌కి నేను ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెప్పాను. ముందు పైనా కిందా ముక్కలు చెయ్యండి, ఉమ్మడి ముక్క ఉంటే కొట్టెయ్యండి, కొట్టేశాక కూడా హారం ఎక్కడ సున్నా అవుతుందో అక్కడే గీత. అనుమానం వస్తే దగ్గరి అంకెలు వేసి చూడండి. అందరికీ వచ్చేసింది.

టెస్టుకి రెండు రోజుల ముందు హెడ్డుగారి బల్ల మీద ప్రశ్నపత్రం చూశాను. అదే ప్రశ్న. అవే అంకెలు. పాత కీ పక్కనే పిన్ను చేసి ఉంది.

"సార్, దయచేసి ఇది తీసెయ్యండి."

"ఇరవై ఏళ్ళుగా ఇస్తున్నానమ్మా. ఒక్కడూ అడగలేదు."

"ఒకతను అడిగాడు సార్."

"అడిగి పాసయ్యాడా?"

అంతకంటే నీచమైన మాట ఆ స్టాఫ్‌రూములో నేను వినలేదు. దిద్దిన పేపర్లన్నీ ఈసారి తనే కీతో సరిచూస్తానని, తేడా ఉంటే మార్కులు కొట్టేస్తానని కూడా చెప్పారు.

ప్రశ్న బయటపెట్టకుండా క్లాసులో ఏం చెప్పాలో తెలియక నిలబడ్డాను. అప్పలరాజే అడిగాడు. "మేడమ్, పోయినేడు లాటి లెక్కే వత్తే, ఈపాలి ఎన్ని గీతలు గియ్యమంటారు?"

క్లాసు మొత్తం నా వైపే చూస్తోంది.

"రెండు గియ్యండి" అన్నాను.

"తప్పని తెలిసినా?"

"తెలిసే."

అతను పుస్తకం మూసి, దెబ్బ తగిలిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఎన్నో లెక్కలు తప్పు చెప్పి ఉంటాను. తప్పని తెలిసి చెప్పింది మాత్రం ఆ గీత ఒక్కటే, అదీ రెండుసార్లు.

టెస్టులో అందరూ రెండు గీతలు గీశారు. అప్పలరాజు పేపరు తీశాను. వేళ్ళు తిరగక అక్షరాలు వంకరగా ఉన్నాయి. −2 దగ్గర గీత స్కేలు పెట్టి నిటారుగా గీశాడు. 2 దగ్గర కూడా గీశాడు. ఆ గీత మీద, మైనస్ పావు దగ్గర, చిన్న సున్నా చుట్టాడు. పరీక్షకి కావాల్సింది గీత, తనకి తెలిసింది సున్నా. రెండూ పెట్టాడు.

ఐదుకి ఐదు వేశాను. ఆ రెండో గీత పక్కన ఎర్రపెన్నుతో "ఈ గీత నాది" అని రాసి సంతకం పెట్టాను. హెడ్డుగారు సరిచూసేటప్పుడు మార్కులు కూడారు తప్ప ఆ మాట చదవలేదు. చదవకుండా దిద్దడం ఆ గదిలో నాకొక్కదానికే ఉన్న అలవాటు కాదన్నమాట.

సంతకం

అప్పలరాజుకి ఆ టెస్టులో ఇరవై రెండు వచ్చాయి. ఫైనల్ గట్టెక్కాడు. వర్క్‌షాపు పనీ దొరికింది. హెడ్డుగారు రిటైరైన రోజు ఆ పాత కీ తీసి నా చేత్తో చించాను. కానీ మొన్న మద్దిలపాలెం షాపులో అదే వాక్యం పెట్టెలో కూర్చుని నన్ను చూస్తోంది. ఎవరు రాశారో ఆ గైడు మీద పేరు కూడా లేదు.

ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. క్లాసులో ఒకడి జవాబు అందరికంటే వేరుగా ఉంటే, సున్నా వేసే ముందు పెన్ను కింద పెట్టండి. అంకెలు వేసుకుంటూ అతను వెళ్ళినంత దగ్గరికి మీరూ వెళ్ళండి. కీ ఎవరిదైనా సరే.

దిద్దిన పేపర్లు తిరిగిచ్చిన సాయంత్రం అప్పలరాజు తన పేపరు ముక్కు దగ్గర పెట్టుకుని చదివాడు. ఎర్ర అక్షరాలు వేలు పెట్టి ఇంకోసారి చదివాడు. తర్వాత జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇది నాను అట్టిపెట్టుకుంటాను మేడమ్. తప్పు కాడ సంతకం ఎట్టినోల్లు ఈ కాలేజీలో మీరొక్కలే."

అతను పొగుడుతూనే అన్నాడు. నేను అతని ముడుచుకోని వేళ్ళ వైపు చూస్తున్నాను. ఆ సంతకం ఏడాది ముందే, మార్కుల జాబితాలో అతని పదకొండు కొట్టేసి, పదహారు రాసి, దాని పక్కన పెట్టాల్సింది.